నడుము నొప్పికి అభ్యంగం, కటివస్తి: ఏళ్ల తరబడి వాడిన తరువాత

నడుము కింది భాగంలో, నాలుగు, ఐదు వెన్నుపూసల మధ్య డిస్కు కొంత ఉబ్బి ఉందని స్కానింగులో తేలిన నాటి నుంచి నేను ఆయుర్వేద పద్ధతిలో చేసే అభ్యంగం, స్వేదనం, కటివస్తి అనే మూడు చికిత్సలను క్రమంగా వాడుతూ వస్తున్నాను. రోజంతా కుర్చీలో కూర్చుని బిల్లులు పరిశీలించే ఉద్యోగం నాది. శస్త్రచికిత్స అవసరం లేదని, నొప్పి మాత్రలు తప్పనిసరి అయినప్పుడే వేసుకుని వ్యాయామం మీద ఆధారపడమని ఎముకల వైద్యులు చెప్పారు. కానీ వ్యాయామానికి నడుము సహకరించని రోజులు ఉంటాయి. అటువంటి రోజులను దాటించినవి ఈ చికిత్సలే.

అభ్యంగం అంటే వెచ్చచేసిన తైలంతో ఒళ్లంతా మర్దన చేయడం. ద్రోణి అని పిలిచే చెక్కబల్ల మీద పడుకోబెట్టి, ఇద్దరు చికిత్సకులు చెరోవైపు నిలబడి, ఒకే లయలో తల నుంచి పాదాల వరకు చేతులు నడుపుతారు. పొడవైన ఎముకల మీద నిలువుగా, కీళ్ల మీద గుండ్రంగా సాగే ఈ మర్దనలో బలం కన్నా నిలకడ ముఖ్యం. గట్టిగా నొక్కితేనే మర్దన అనుకునేవారికి మొదట ఇది చాలదనిపించవచ్చు. నా అనుభవంలో మాత్రం బిగుసుకున్న నడుము కండరాలు బలానికి లొంగలేదు. గట్టిగా నొక్కించుకున్న మరునాడు నొప్పి పెరిగింది, నెమ్మదిగా చేసినప్పుడు వదులైంది. అష్టాంగహృదయంలోని దినచర్య అధ్యాయం అభ్యంగాన్ని రోజూ చేయమని, తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేకంగా చేయమని చెబుతుంది. పాదాలకు చేసే ఆ కొద్ది నిమిషాల మర్దన నిద్రకు ఎంత మేలు చేస్తుందో అనుభవించిన తరువాత ఆ మాట విలువ నాకు బాగా తెలిసింది.

మర్దన తరువాత స్వేదనం. తల మాత్రం బయట ఉండేలా చెక్కపెట్టెలో కూర్చోబెట్టి, వావిలాకు గాని, దశమూలాలనే పది రకాల వేళ్లు గాని వేసి కాచిన నీటి ఆవిరి పట్టిస్తారు. నుదుటి మీద చెమట పట్టగానే బయటకు రావాలి. ఎక్కువసేపు ఉంటే ఎక్కువ గుణం అన్న ఆలోచన ఇక్కడ పనికిరాదు, నీరసం, కళ్లు తిరగడం వస్తాయి.

నడుముకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసినది కటివస్తి. మినప్పిండిని గట్టి ముద్దగా కలిపి, బోర్లా పడుకున్న మనిషి నడుము మీద గుండ్రని కట్టలా అమర్చి, చర్మానికి ఎక్కడా సందు లేకుండా అతికిస్తారు. ఆ కట్టలో వేడి తైలాన్ని నెమ్మదిగా పోస్తారు. తైలం చల్లారుతున్న కొద్దీ దూదితో తీసి, మళ్లీ వెచ్చచేసినది పోస్తూ అరగంటకు పైగా వేడిని ఒకే తీరుగా నిలుపుతారు. చికిత్స బాగా జరిగిందా లేదా అన్నది పూర్తిగా ఈ నిలుపుదల మీద ఆధారపడి ఉంటుంది. శ్రద్ధ ఉన్న చికిత్సకుడు ప్రతిసారీ తన చేతి మీద వేడి చూసుకుని పోస్తాడు, మధ్యలో లేచి వెళ్లడు, పిండికట్ట అంచున నూనె ఊరుతోందేమో వేలితో తడిమి చూస్తాడు. శ్రద్ధ లేనిచోట ఒక్కసారి పోసి వదిలేస్తారు. పది నిమిషాలకే తైలం చల్లబడిపోతుంది, రోగి మాత్రం మొత్తం రుసుము చెల్లిస్తాడు. బోర్లా అంతసేపు పడుకోవడం మెడకు కష్టం కనుక పొట్ట కింద, చీలమండల కింద పలుచని దిండ్లు అడిగి పెట్టించుకోవడం మంచిది.

పత్రపోటలి కూడా చాలాసార్లు చేయించుకున్నాను. వావిలి, ఆముదం, జిల్లేడు, చింత, మునగ ఆకులను తరిగి, కొబ్బరి కోరు, నిమ్మకాయ ముక్కలతో కలిపి నూనెలో వేయించి, గుడ్డలో మూటకట్టి, ఆ వేడి మూటతో నొప్పి ఉన్నచోట కాపడం పెడతారు. మన పల్లెల్లో బాలింతలకు వావిలాకు నీళ్లు కాచిపోసిన చేతులకు, మోకాళ్లకు ఆముదపాకు వేడిచేసి కట్టిన చేతులకు ఈ విద్య కొత్తది కాదు. పెరటి ఆకులతో జరిగే ఈ వైద్యం పెద్ద పేర్లతో, పెద్ద ధరలతో అమ్ముడుపోతున్నప్పుడు నాకు బాధ కలుగుతుంది.

ఇక ఫలితం. ఒక్కసారి చేయించుకుంటే ఆ రాత్రి గాఢనిద్ర, తరువాతి రెండుమూడు రోజులు ఉదయపు బిగుతు తగ్గడం నాకు ఖాయంగా కనిపించాయి. వారం పదిరోజులు వరుసగా చేయించుకున్నప్పుడు ఆ ఉపశమనం కొన్ని వారాలు నిలిచింది. కాలిలోకి దిగే తిమ్మిరి విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఉబ్బిన డిస్కు తైలంతో వెనక్కి వెళ్లదు. వేడి, స్పర్శ కలిసి కండరాల బిగువును సడలిస్తాయి, నొప్పి భయంతో బిగపట్టుకున్న ఒంటిని తిరిగి కదిలేలా చేస్తాయి. ఆ వెసులుబాటులో భుజంగాసనం, మార్జారాసనం, రోజువారీ నడక మొదలుపెట్టడం వల్లనే నాకు నిలకడైన మేలు జరిగింది. కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మందుల కన్నా ముందు కాపడం, మర్దన వంటివి ప్రయత్నించవచ్చని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2017లో తన మార్గదర్శకాల్లో చెప్పింది. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన మార్గదర్శకాలు కూడా వ్యాయామం, అవగాహనలతో పాటు మర్దనను ఒక మార్గంగా పేర్కొన్నాయి. నా అనుభవం వాటికి దగ్గరగానే ఉంది.

నగరంలోని ఒక ప్రైవేటు కేంద్రంలో మాత్రం నన్ను పరీక్షించకుండానే, స్కానింగు కాగితాలు చూడకుండానే, ఇరవై ఒక్క రోజుల్లో డిస్కు యథాస్థానానికి వస్తుందని, ఒంట్లోని విషాలన్నీ చెమటలో పోతాయని చెప్పి మొత్తం సొమ్ము ముందే కట్టమన్నారు. ఒంట్లోని వ్యర్థాలను వడకట్టేవి ప్రధానంగా కాలేయం, మూత్రపిండాలు. చెమట పని ఒంటిని చల్లబరచడం. నాడి, రక్తపోటు చూడకుండా ఆవిరిపెట్టెలో కూర్చోబెట్టేచోట ఎంత శుభ్రమైన గదులున్నా నేను చేయించుకోమని చెప్పను. అర్హత ఉన్న ఆయుర్వేద వైద్యుడు పరీక్షించి రాసిన చికిత్సనే తీసుకోవాలి. హైదరాబాదులో ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, విజయవాడలోని డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, వరంగల్లులోని అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానాల ఎస్వీ ఆయుర్వేద కళాశాల వంటి చోట్ల ముందుగా విచారించమని నా సలహా. అక్కడ వేచి ఉండవలసి రావచ్చు, హంగులు ఉండకపోవచ్చు, కానీ వైద్యుడి పర్యవేక్షణ ఉంటుంది.

ఇంట్లో వాడుకునే తైలాల గురించి అడిగేవారు చాలామంది. నేను ఎక్కువగా వాడినది మహానారాయణ తైలం. నువ్వుల నూనెలో శతావరి, అశ్వగంధ మొదలైన మూలికలు, పాలు చేర్చి కాచే ఈ తైలం బిగుతుకు బాగా పనిచేసింది. క్షీరబలా తైలం బల అనే మొక్క వేరు, పాలు, నువ్వుల నూనెలతో తయారవుతుంది. మృదువుగా ఉంటుంది కనుక తలకు, పాదాలకు దానినే ఇష్టపడతాను. నడుము నుంచి కాలిలోకి నొప్పి లాగేటప్పుడు వైద్యులు సహచరాది తైలం ఇచ్చారు. అది మర్దన సమయంలో హాయిగా ఉన్నా మిగతావాటి కన్నా మెరుగని చెప్పలేను. తైలాన్ని నేరుగా మంట మీద పెట్టకుండా, గిన్నెను వేడినీళ్లలో ఉంచి వెచ్చచేయాలి. రాసుకున్న అరగంటకు పెసరపిండితోనో సున్నిపిండితోనో రుద్దుకుని వేడినీళ్ల స్నానం చేయాలి. బట్టలకు అంటిన మరక, వాసన ఒక పట్టాన వదలవు, పాత పంచె ఒకటి దీనికే కేటాయించుకోవాలి. స్నానాలగదిలో జారే ప్రమాదం ఉంది కనుక ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే నేల వెంటనే సబ్బుతో కడగాలి.

జ్వరం, అజీర్ణం ఉన్న రోజున అభ్యంగం వద్దు. ఒక పిక్క మాత్రమే వాచి, ఎర్రబడి నొప్పిగా ఉంటే అది రక్తనాళంలో గడ్డ కావచ్చు కాబట్టి దాన్ని మర్దన చేయించకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మధుమేహంతో పాదాలలో స్పర్శ తగ్గినవారికి వేడి తైలం, కాపడం బొబ్బలు ఎక్కించవచ్చు. గర్భిణులు వైద్యుల అనుమతి లేకుండా ఆవిరి చికిత్సకు వెళ్లకూడదు. నడుము నొప్పితో పాటు మూత్రం మీద అదుపు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం, కాలిలో బలం పోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం వంటివి కనిపిస్తే ఏ తైలమూ రాయకుండా ఆ రోజే వైద్యుడికి చూపించుకోవాలి. ఇవేవీ లేకుండా, కూర్చునే పనితోనో బరువు పనితోనో నడుము పట్టేసి, నడవడానికి, వంగడానికి జంకుతున్నవారు మొదట మూడు రోజులకు మాత్రమే డబ్బు కట్టి చూడండి. నిద్రలో, ఉదయపు బిగుతులో తేడా తెలిస్తేనే మిగతా రోజులకు ఒప్పుకోండి.