జాగ్రత్త: ‘బోర్డు పోయింది’ అనగానే బోటు ప్లాటర్ మార్చేయకండి

పేరు రాయను. బోట్లకి ఎలక్ట్రానిక్స్ అమ్ముతాం, బిగిస్తాం, రిపేరు కూడా చేస్తాం అని చెప్పుకునే ఆ షాపు ఏదో మీలో చాలామందికి పేరు లేకుండానే తెలిసిపోతుంది. తెలియనివాళ్ళు అదృష్టవంతులు. కోపం ఇంకా చల్లారలేదు, రాసింది కుదురుగా లేకపోతే సర్దుకోండి.

నా బోటులో ఉన్నది 15 ఏళ్ళు దాటిన చార్ట్‌ప్లాటర్, అంటే బోటు ఎక్కడుందో సముద్రపు చార్టు (మ్యాపు) మీద చూపించే జీపీఎస్ తెర. దాంతోపాటే వచ్చిన రేడార్, నీటి లోతు చెప్పే సౌండర్, చుక్కాని తనంతట తనే తిప్పే ఆటోపైలట్. ప్లాటర్ ఉన్నట్టుండి ఆరిపోవడం, తనంతట తనే మళ్ళీ వెలగడం మొదలైంది. అస్తమానూ కాదు. ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు, లేదంటే అలల్లో ఆటోపైలట్ పంపు గట్టిగా పనిచేస్తున్నప్పుడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, వాళ్ళకీ పొల్లుపోకుండా ఇదే చెప్పాను. రిపేరు చేయించాలా, కొత్తది కొనాలా అని అడగడానికే వెళ్ళాను. ఏది చేసినా డబ్బులొచ్చే మనిషిని ఆ ప్రశ్న అడిగిన నా తెలివికి దండం పెట్టాలి.

బోటు దగ్గరికి ఎవరూ రాలేదు. ప్లాటర్ ఊడదీసి తెమ్మన్నారు, తీసుకెళ్ళాను. బల్ల మీద పెట్టి కరెంటు ఇచ్చారు. వెలిగింది. నేను అక్కడున్నంతసేపూ వెలుగుతూనే ఉంది. అయినా కౌంటర్లో ఉన్నాయన తెర మూలకి వేలు చూపించి, “తేదీ చూడండి సార్, ఇరవై ఏళ్ళు వెనక్కి చూపిస్తోంది. బోర్డు పోయింది. ఈ మోడల్ కంపెనీ ఆపేసింది, పార్టులు రావు” అన్నాడు. ఈ మహావిద్యకి ఫీజు విడిగా.

తేదీ సంగతి నాకు తర్వాత తెలిసింది, మీరు ముందే తెలుసుకోండి. జీపీఎస్ పాత సిగ్నల్‌లో వారాల లెక్క 0 నుంచి 1023 వరకే ఉంటుంది. 1024 వారాలు, అంటే 19 ఏళ్ళ ఏడు నెలల పైచిలుకు, నిండగానే మళ్ళీ సున్నా నుంచి మొదలు. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఒకసారి అలా తిరిగింది, 2038 నవంబరులో మళ్ళీ తిరుగుతుంది. పాత రిసీవర్లు వాటిలో ఉన్న సాఫ్ట్‌వేర్‌ని బట్టి ఆ రోజునో, ఆ తర్వాత ఇంకెప్పుడో అన్నేళ్ళు వెనక్కి పడిపోతాయి. బోర్డుకీ దీనికీ సంబంధమే లేదు. పొజిషన్ మామూలుగా సరిగ్గానే వస్తుంది. ఆ తేదీని పట్టుకుని లెక్కగట్టే ఆటుపోట్ల సమయాలని మాత్రం నమ్మకూడదు. బోట్ల ఎలక్ట్రానిక్స్ మీదే బతికే షాపుకి ఈ మాత్రం తెలియదంటే నేను నమ్మను.

సరే, కొత్తది కొన్నాను. పాతదాన్ని స్క్రాప్ కింద వాళ్ళే తీసుకుని బిల్లులో కాస్త తగ్గించారు. బిగించడం కూడా వాళ్ళే, దానికి వేరే చార్జీ. అది బిగించాక ఒక్కొక్కటే బయటపడింది. పాత రేడార్ దీనికి కలవదట. ఒక కంపెనీ రేడార్ ఇంకో కంపెనీ తెర మీద పనిచేయదు, ఒకే కంపెనీలో కూడా తరం మారితే చాలాసార్లు కలవదు, ఇది అమ్మేవాడికి ముందే తెలిసిన సంగతి. నా రేడార్‌కి ఏ రోగమూ లేదు. రేడార్ తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ ట్యూబు ఉన్న పాత రకమే, వాడినకొద్దీ దాని బలం తగ్గుతుంది, కాదనను. కానీ వాన మబ్బుల్నీ బాయ్‌లనీ (నీళ్ళ మీద తేలే గుర్తులు) శుభ్రంగా చూపించేది. బోటు పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాషల్లో నా ఆటోపైలట్‌కి తెలిసింది పాతదైన ఎన్‌ఎంఈఏ 0183, సెకనుకి 4800 బిట్ల నత్తనడక. కొత్త ప్లాటర్‌కి ఉన్నది ఎన్‌ఎంఈఏ 2000 ఒక్కటే, దాని వేగం సెకనుకి 250 కిలోబిట్లు. ఆ రెండిటినీ కలపడానికి కన్వర్టర్ కొనాలి. సౌండర్ ట్రాన్స్‌డ్యూసర్ (బోటు అడుగున ఉండి నీళ్ళలోకి శబ్దం పంపే ముక్క) ప్లగ్గు వేరు, బోటు ఒడ్డుకెక్కించి అడుగున కొత్తది బిగించాలన్నారు. అడాప్టర్ వైరు దొరుకుతుంది, దాంతో పాత ట్రాన్స్‌డ్యూసరే పనిచేస్తుంది అని నేనే వెతికి చెబితే, “ఓ, అలా కూడా చేయొచ్చు సార్” అన్నాడు. చేయొచ్చట!

ఇదంతా అయ్యాక కొత్త ప్లాటర్‌తో ఇంజిన్ స్టార్ట్ చేశాను. తెర ఆరిపోయింది. అచ్చం పాతది ఆరినట్టే.

ఫోన్ చేస్తే, “కొత్త సరుకు కదా సార్, అలవాటయ్యేదాకా కొన్నాళ్ళు చూడండి” అన్నారు. నేను ప్లాటర్‌కి అలవాటు పడాలో, అది నాకు అలవాటు పడాలో చెప్పలేదు.

చివరికి పక్క బోటాయన మల్టీమీటర్ పట్టుకుని వచ్చాడు. బ్యాటరీ దగ్గర బాగానే ఉంది. ప్లాటర్ ప్లగ్గు దగ్గర మీటర్ పెట్టి ఇంజిన్ తిప్పమన్నాడు. స్టార్టర్ కరెంటు లాగుతుంటే అంకె పది వోల్టుల కిందికి దిగిపోయింది. చాలా ప్లాటర్లకి ఆ పదికి కాస్త అటూ ఇటూగానే ప్రాణం పోతుంది. ప్యానెల్ వెనక నెగటివ్ బస్‌బార్ (నెగటివ్ వైర్లన్నీ కలిసే పట్టీ) విప్పితే రింగ్ టెర్మినల్ నిండా పచ్చటి చిలుము, వైరు లోపల రాగి నల్లబడిపోయి ఉంది. అది కోసేసి, టిన్ పూత ఉన్న వైరు వేసి, కొత్త టెర్మినల్ బిగించాడు. అప్పటినుంచి తెర ఒక్కసారి కూడా ఆరలేదు. నావిగేషన్ పరికరాలకి వెళ్ళే వైరులో వోల్టేజి నష్టం 3 శాతం దాటకూడదని బోటు వైరింగ్ ప్రమాణాలు చెబుతాయి. 12 వోల్టుల మీద అది 0.36 వోల్టు. నా బోటులో అంతకి ఎన్నో రెట్లు పోతోంది. అదే కుళ్ళిన వైరుకి కొత్త ప్లాటర్ తగిలించి, బిగింపు చార్జీ తీసుకుని వెళ్ళిపోయారు మహానుభావులు.

అంటే నా పాత ప్లాటర్ బాగానే ఉందన్నమాట. దాన్ని వెనక్కి ఇవ్వండి, మీరు తగ్గించిన డబ్బు ఇచ్చేస్తాను అన్నాను. “స్క్రాప్‌కి వెళ్ళిపోయింది సార్” అన్నారు. పోనీలే అనుకున్నాను.

తర్వాత వాళ్ళు అమ్ముతున్న సెకండ్ హ్యాండ్ సామాన్ల ఫొటోలు చూస్తుంటే నా మోడలే కనిపించింది. ‘పూర్తిగా పరీక్షించినది, కండిషన్ చాలా బాగుంది’ అని రాశారు. ఫొటోలో తెర వెలుగుతోంది. ఊరికే పెద్దది చేసి చూశాను. మధ్యలో ఒక వేపాయింట్ (మనం గుర్తుపెట్టి దాచుకునే చోటు), దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో ‘బావవల’ అని ఉంది. మా బావ వల రాయికి చిక్కుకుని చిరిగిపోయిన చోటు అది, ఆ పేరు పెట్టింది నేనే. ప్రపంచంలో ఇంకెవరి ప్లాటర్లోనూ ఆ పేరు ఉండదు. పై మూలన తేదీ కూడా ఉంది, ఆ ఇరవై ఏళ్ళ వెనకటి తేదీయే. బోర్డు పోయిందనడానికి సాక్ష్యంగా నాకు చూపించిన తేదీతోనే ‘పరీక్షించినది’ అని అమ్మకానికి పెట్టారు. నా వేపాయింట్‌ని కనీసం చెరిపే ఓపిక కూడా లేదు.

ఫోన్ చేశాను. ఆ సంభాషణ ఉన్నదున్నట్టు పెడుతున్నాను.

“బోర్డు పోయిందన్నారు?”

“అప్పుడు పోయింది సార్. తర్వాత మేం చేసుకున్నాం.”

“మరి నాకెందుకు చేసివ్వలేదు?”

“మీరు కొత్తది కొనుక్కున్నారు కదా సార్.”

“పార్టులే రావన్నారు!”

“చూడండి సార్, స్క్రాప్ విలువ బిల్లులో తగ్గించాం. తర్వాత దాన్ని ఏం చేసుకుంటే మీకెందుకు? వైరింగ్ అంటారా, అది మీ బోటు. చూడమని మీరు అడగలేదు.”

పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ‘మీరు కొత్తది కొనుక్కున్నారు కదా సార్’ అన్న ఆ గొంతు రోజుకోసారైనా చెవిలో మోగుతోంది. కొట్టినా ఇంత బాధ ఉండేది కాదేమో.

పాతదాన్నే పట్టుకుని వేలాడమని చెప్పడం లేదు. లోపలికి నీళ్ళు వెళ్ళినా, పాత తెరల వెనక ఉండి వెలుగిచ్చే సన్నటి ట్యూబు ముసలిదై ఎండలో ఏమీ కనబడకపోయినా, దాని చార్టు కార్డులు అప్‌డేట్ కావడం ఆగిపోయినా మార్చేయడమే మంచిది. ముఖ్యంగా ఆ చివరిది. పాత చార్టు నమ్ముకుని వెళ్ళడం కంటే కొత్తది కొనడం చవక. నా ప్లాటర్‌కి కార్డులు ఇంకా దొరుకుతున్నాయా అని వాళ్ళు ఒక్క మాట అడగలేదు. అసలు అడగాల్సింది అదే.

కాబట్టి ముందు ఇంజిన్ తిప్పుతూ ప్లగ్గు దగ్గర వోల్టేజి కొలవండి. మార్చక తప్పదంటే రేడార్, ఆటోపైలట్, ట్రాన్స్‌డ్యూసర్ వీటిలో ఏవి కొత్తదానికి కలుస్తాయో డబ్బు కట్టకముందే రాతలో తీసుకోండి. పాతది ఎవరికిచ్చినా వేపాయింట్లు కాపీ చేసుకుని చెరిపేయండి. అలాంటి షాపులో సెకండ్ హ్యాండ్ ఏఐఎస్ (మన బోటు పేరు, ఉన్న చోటు చుట్టుపక్కల బోట్లకి రేడియోలో చెప్పే పరికరం) కొంటుంటే ఎంఎంఎస్‌ఐ, అంటే బోటు గుర్తింపు నంబరు, సంగతి ముందు తేల్చుకోండి, చిన్న బోట్లకి వేసే క్లాస్ బి సెట్లు చాలావాటిలో ఆ నంబరు వాడేవాళ్ళు ఒక్కసారే ఎక్కించగలరు, పాత ఓనరు బోటు పేరుతో తిరగాల్సి వస్తుంది.

నా ప్లాటర్ కొన్నవారు ఇది చదువుతుంటే: తేదీ తప్పు చూపిస్తోందని దాన్ని మళ్ళీ ఆ షాపుకి తీసుకెళ్ళకండి, బోర్డు పోయిందంటారు. మంచి వైరు వేసి వాడుకోండి, బంగారంలా పనిచేస్తుంది. బావవల దగ్గర మాత్రం వల వేయకండి, కింద రాయి ఉంది.