పిల్లలకు ఫ్లోరైడ్ పేస్టా, ఫ్లోరైడ్ లేని పేస్టా: ఏది మేలు?

నల్గొండ వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన ఇళ్లల్లో ఫ్లోరైడ్ అన్న మాట వింటేనే గుండె ఝల్లుమంటుంది. మర్రిగూడ, మునుగోడు ఊళ్లలో వంకర తిరిగిన కాళ్లు, వయసులోనే బిగుసుకుపోయిన నడుములు, గోధుమరంగు చారలు పడ్డ పళ్లు కళ్లారా చూసినవాళ్లు ఆ భయాన్ని మర్చిపోలేరు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బు (ఫ్లోరోసిస్) మన తెలుగు ప్రాంతాల్లో ఉందని 1937లోనే నెల్లూరు జిల్లా ఊళ్లను చూసి డాక్టర్లు రాశారు. అందుకే ఎల్‌బీ నగర్‌లోనో హయత్‌నగర్‌లోనో సూపర్ మార్కెట్‌కి వెళ్లిన తల్లికి పిల్లల పేస్టు డబ్బా మీద ‘ఫ్లోరైడ్ లేదు’ అని కనిపిస్తే, ఇంకేమీ చూడకుండా అదే బుట్టలో వేసుకుంటుంది. ఆ భయానికి కారణం ఉంది. కానీ ఆ భయాన్ని నీళ్ల మీద పెట్టాల్సింది పోయి పేస్టు మీద పెడుతున్నాం. దాని ఫలితం పిల్లల దవడ పళ్లలో నల్లటి గుంతలుగా కనిపిస్తోంది.

ముందు పన్ను ఎలా పుచ్చుతుందో చూద్దాం. పంటి మీద పాచిలో ఉండే బ్యాక్టీరియా మనం తిన్న చక్కెరను, పిండిపదార్థాన్ని వాడుకుని ఆమ్లం తయారుచేస్తుంది. నోట్లో పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) దాదాపు 5.5 కంటే కిందికి పడితే పంటి పైనుండే గట్టి పొర ఎనామిల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి వస్తాయి. తర్వాత అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపట్లో, లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి పోయిన ఖనిజాన్ని మెల్లగా తిరిగి చేరుస్తుంది. రోజంతా నోట్లో ఈ పోగొట్టుకోవడం, తిరిగి తెచ్చుకోవడం జరుగుతూనే ఉంటాయి. పోయేది ఎక్కువై వచ్చేది తక్కువైన చోట మొదట సున్నం మచ్చలాంటి తెల్ల మచ్చ పడుతుంది, ఆ తర్వాత గుంత. తెల్ల మచ్చ దశలో పట్టుకుంటే డ్రిల్లింగ్ లేకుండానే ఆపవచ్చు.

ఫ్లోరైడ్ పని చేసేది ఇక్కడే. పంటి ఉపరితలం మీద కాస్త ఫ్లోరైడ్ ఉంటే ఖనిజం తిరిగి చేరడం వేగంగా జరుగుతుంది, కొత్తగా ఏర్పడిన పొర ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు. దానికి మింగనక్కర్లేదు, పంటికి తగిలితే చాలు. పేస్టుకూ బోరునీళ్లకూ ఉన్న అసలు తేడా ఇదే. నీళ్లు కడుపులోకి వెళ్తాయి, ఎముకల్లో చేరతాయి. పేస్టును ఉమ్మేస్తాం.

“పిల్లలు ఉమ్మరు కదా అక్కా, మింగేస్తారు” అని చాలామంది అడుగుతారు. సరైన ప్రశ్న. లెక్క వేసి చూద్దాం. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదని చట్టం. అంటే ఒక గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము. మూడేళ్ల లోపు పిల్లలకు వేయమనేది బియ్యపు గింజంత, అంటే సుమారు 0.1 గ్రాము. అందులో ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము. రెండు పూటలా మొత్తం మింగేసినా 0.2. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బఠానీ గింజంత, సుమారు పావు గ్రాము. రెండు పూటలా పూర్తిగా మింగితే అర మిల్లీగ్రాము. ఇప్పుడు లీటరుకు మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు ఒక్క లీటరు తాగిన పిల్లాడి లెక్క చూడండి: మూడు మిల్లీగ్రాములు, అదీ ప్రతిరోజూ, ఆ నీళ్లతో వండిన అన్నం, పప్పు కలపకుండా. ఏది ఆపాలో ఆ అంకెలే చెబుతున్నాయి.

అలాగని ఫ్లోరైడ్ పేస్టులో జాగ్రత్త పడాల్సింది ఏమీ లేదని కాదు. పక్కా పళ్ల (పాలపళ్ల తర్వాత వచ్చే శాశ్వత పళ్ల) ఎనామిల్, ముఖ్యంగా ముందుపళ్లది, చిగురు లోపల తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ల లోపే. ఆ వయసులో రోజూ ఎక్కువ మింగితే పళ్ల మీద తెల్లటి చారలు రావచ్చు. పేస్టు ప్రకటనల్లో బ్రష్ పొడవునా అలలా పేస్టు పెట్టి చూపిస్తారు. చిన్నపిల్లల విషయంలో అది పూర్తిగా తప్పు. స్ట్రాబెర్రీ రుచి, బబుల్‌గమ్ రుచి పేస్టులైతే పిల్లలు ట్యూబ్ నుంచి నేరుగా నాకేస్తారు కూడా. కాబట్టి ట్యూబ్ పిల్లల చేతికి అందకూడదు. పేస్టు వేసేది, ఆరేడేళ్లు వచ్చేదాకా బ్రష్ చేసేది పెద్దవాళ్లే అయి ఉండాలి. షూ లేసులు సొంతంగా కట్టుకోవడం రాని చేతికి వెనక దవడ పళ్లు శుభ్రంగా తోమడం కూడా రాదు.

ఇక ఫ్లోరైడ్ లేని పేస్టుల సంగతి. వేప, లవంగం, పుదీన, ఉప్పు ఉన్న హెర్బల్ పేస్టుతో తోమితే నోరు తాజాగా అనిపిస్తుంది. బ్రష్ సరిగ్గా ఆడిస్తే పాచి కూడా పోతుంది. ఆ మంచి చాలావరకు బ్రష్‌ది. కరిగిపోయిన ఖనిజాన్ని తిరిగి చేర్చే పని ఆ మూలికలు చేస్తాయని ఫ్లోరైడ్‌కు ఉన్నలాంటి రుజువులు లేవు. హైడ్రాక్సీఅపటైట్ అనే పదార్థంతో వచ్చే పేస్టులు ఈమధ్య కనిపిస్తున్నాయి. వాటిపై ఆశాజనకమైన ఫలితాలు ఉన్నాయి కానీ ఫ్లోరైడ్‌కు ఉన్నన్ని దశాబ్దాల అనుభవం వాటికి ఇంకా రాలేదు. పిల్లాడికి ఇప్పటికే ఒక పుచ్చుపన్ను ఉంటే ఫ్లోరైడ్ లేని పేస్టు వైపు నేనైతే చూడను. ‘హెర్బల్’ అని రాసినంత మాత్రాన ఫ్లోరైడ్ లేదనీ అనుకోవద్దు. కొన్నింటిలో రెండూ ఉంటాయి. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో పీపీఎం ఎంతో రాసి ఉంటుంది, తిప్పి చూడండి.

నీళ్ల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ ఎంపికలో అసలు మెలిక అదే. నగరంలో కుళాయికి వచ్చే కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు నదుల నీళ్లు. ఆ నీళ్లు తాగే ఇంట్లో ఫ్లోరైడ్ పేస్టు గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. కానీ శివార్లలో కొత్త అపార్ట్‌మెంట్లు చాలావరకు బోర్లు, ట్యాంకర్ల మీదే నడుస్తున్నాయి. మన దక్కన్ గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి దిగుతుంది, బోరు బోరుకూ మోతాదు మారుతుంది. మంచినీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకపోవడం మంచిదనీ, వేరే దారి లేని చోట 1.5 వరకు ఫర్వాలేదనీ మన ప్రమాణాలు చెబుతాయి. అపార్ట్‌మెంట్ కమిటీ ఒకసారి బోరునీళ్లను ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే ఈ టెన్షన్ సగం తీరిపోతుంది. నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని నమ్మేవాళ్లు ఉన్నారు. పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మోతాదు ఇంకా చిక్కబడుతుంది. బాగా పనిచేసే ఆర్‌ఓ ఫిల్టర్ చాలావరకు తీసేస్తుంది. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు, కానీ ఫ్లాట్‌లో అది చేయడం కష్టం.

పరీక్షలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉందని తేలితే తాగే నీళ్లు మార్చండి, వంటకు కూడా. పిల్లల పళ్ల మీద ఇప్పటికే చారలు ఉంటే ఏ పేస్టు, ఎంత అన్నది డెంటిస్ట్‌కు చూపించి తేల్చుకోండి. తాగే నీళ్లు బాగున్న ఇంట్లో మాత్రం నా సమాధానం ఒకటే: మొదటి పన్ను వచ్చిన రోజు నుంచి ఫ్లోరైడ్ పేస్టు, గింజంతే. తోమాక ఉమ్మేయడం, వెంటనే గ్లాసుడు నీళ్లు పోసి పుక్కిలించకపోవడం. పుక్కిలిస్తే పంటికి అంటిన కాస్త ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది.

పెద్దవాళ్లకు వేపపుల్ల మంచిదా, బ్రష్ మంచిదా అంటే, వేపపుల్లను నిదానంగా నమిలి తోమేవాళ్ల ముందుపళ్లు శుభ్రంగానే ఉంటాయి. అది వెనక దవడల లోపలి వైపుకు చేరదు, ఫ్లోరైడ్ ఇవ్వదు. ఇష్టమైతే పొద్దున పుల్ల వాడుకుని రాత్రికి బ్రష్ వాడండి. పళ్లపొడిని, బొగ్గుపొడిని మాత్రం నేను సమర్థించలేను. గరుకు పొడితో వేలు పెట్టి ఏళ్ల తరబడి రుద్దితే ఎనామిల్ అరిగి చల్లనీళ్లకే పళ్లు జివ్వుమంటాయి. పొగాకు కలిపిన పళ్లపొడులను, పేస్టులను మన ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. ఇంట్లో పెద్దలెవరైనా కాల్చిన పొగాకుతో ఇంకా తోముతుంటే దయచేసి మాన్పించండి. పంటి నొప్పి తగ్గినట్టు అనిపించడం తప్ప దానితో ఒరిగేది లేదు, వచ్చేది నోటి క్యాన్సర్ ముప్పు.

ఎలక్ట్రిక్ బ్రష్ మామూలు బ్రష్ కంటే పాచిని కొంచెం ఎక్కువ తీస్తుంది. చేతులు వణికే పెద్దవాళ్లకు, తోమించుకోవడానికి మొరాయించే పిల్లలకు ఉపయోగం. మిగతావాళ్లు మెత్తటి మామూలు బ్రష్‌తో రెండు నిమిషాలు తోమితే సరిపోతుంది.

పొద్దున తోమాలా, రాత్రా? రెండు పూటలా. ఒక్కటే కుదిరితే రాత్రి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, నోట్లో మిగిలిన ఆహారంతో బ్యాక్టీరియాకు రాత్రంతా తీరికే. మన ఇళ్లల్లో పొద్దున తోమకుండా కాఫీ కూడా ముట్టరు కానీ రాత్రి పాలు తాగి అలాగే పడుకుంటారు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసిపిల్లల్లో పై ముందుపళ్లు వరసగా పుచ్చిపోయేది దీనివల్లే. సీసాలో చక్కెర కలిపితే మరీ త్వరగా.

తిండి దగ్గర కూడా ఒక పోలిక ఉంది. పండక్కి భోజనం చేసి వెంటనే ఒక గిన్నె డబుల్ కా మీఠా తినే మనిషి ఒకవైపు. ఆఫీసులో గంటకోసారి ఇరానీ చాయ్, పక్కన ఒక ఉస్మానియా బిస్కెట్ తినే మనిషి ఇంకోవైపు. పళ్ల వరకు చూస్తే మొదటివాళ్లే నయం. మీఠాలో చక్కెర ఎక్కువే, కానీ ఆమ్లం దాడి ఒక్కసారితో ముగుస్తుంది. చాయ్ తాగే మనిషి నోరు ఒక దాడి నుంచి తేరుకునేలోపు రెండోది వచ్చేస్తుంది. చాయ్ మానమనడం నాకు ఇష్టం లేదు, మానరు కూడా. సార్ల సంఖ్య తగ్గించండి, తాగాక నీళ్లు తాగండి. పిల్లల స్నాక్ డబ్బాలో క్రీమ్ బిస్కెట్లకు బదులు పల్లీలు, జామకాయ పెట్టండి.

ఇంకో ప్రశ్న నన్ను చాలా బాధపెడుతుంది. “పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి, ఫిల్లింగ్‌కు డబ్బులెందుకు?” ముందుపళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి, నిజమే. వెనక పాల దవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. నాలుగేళ్ల వయసులో పుచ్చినదాన్ని వదిలేస్తే ఇంకో ఆరేళ్లు ఆ పిల్ల ఒకవైపే నమిలి, నొప్పికి రాత్రుళ్లు లేచి ఏడుస్తుంది. ముందే పీకించేస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి, కింద నుంచి వచ్చే పక్కా పన్నుకు చోటు ఉండదు. ఫిల్లింగ్ చేయించడమే మేలు. కుర్చీలో కూర్చోలేని పసిపిల్లలకు పుచ్చు మీద వెండి కలిసిన ఫ్లోరైడ్ మందు రాసి దాన్ని అక్కడే ఆపే పద్ధతి కూడా ఉంది. రాసిన చోటు నల్లబడుతుంది, ముందుపంటి మీదైతే కనిపిస్తుంది. దానికి సిద్ధపడితే డ్రిల్ లేకుండా పని జరుగుతుంది.

ఆరేళ్లకు వచ్చే మొదటి పక్కా దవడ పన్ను గురించి చాలామందికి తెలియదు. అది ఏ పాలపన్నూ ఊడకుండానే అన్నిటికంటే వెనక మొలుస్తుంది. పాలపన్నేలే అనుకుని వదిలేస్తారు. లోతైన గాడులు ఉండడం వల్ల పక్కా పళ్లలో ముందుగా పుచ్చేది తరచుగా అదే. దాని గాడుల్ని సీలెంట్‌తో (డెంటిస్ట్ పూసే పల్చటి రక్షణ పూతతో) మూయించడం, తర్వాత ఫిల్లింగ్, రూట్ కెనాల్ అంటూ తిరగడం కంటే ఖర్చులోనూ బాధలోనూ చాలా తక్కువ.

పెద్దల్లో పళ్లు పోవడానికి పుచ్చు ఒక్కటే కారణం కాదు, చిగుళ్ల జబ్బూ పెద్ద కారణమే. “క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయట” అని భయపడి గార (గట్టిపడిన పాచి) పేరుకుపోనిస్తారు. గార చిగురును, కింద ఎముకను వదులు చేసి ఉంటుంది. గార తీశాక ఆ కదలిక బయటపడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. చిగుళ్ల వాపు షుగర్‌ను అదుపు తప్పిస్తుంది, షుగర్ చిగుళ్లను పాడుచేస్తుంది.

పన్ను బాగా పుచ్చి నరం దాకా వెళ్లాక రూట్ కెనాల్ చేయించాలా, పీకించాలా అన్నప్పుడు, నిలబెట్టగలిగే పన్నును నిలబెట్టుకోవడమే మంచిది. పీకించి ఖాళీగా వదిలేస్తే పక్క పళ్లు వంగుతాయి, ఎదుటి పన్ను ఆ ఖాళీలోకి దిగుతుంది. డబ్బు ఇబ్బంది వల్లే పీకించాలనుకుంటే, ఒక్కసారి అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి దగ్గరున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీలో చూపించుకోండి. పొద్దున్నే ఓపీ వేళకు చేరుకోండి, పాత ఎక్స్‌రే, వాడుతున్న మందుల చీటీ ఉంటే వెంట తీసుకెళ్లండి.