ఇంట్లో జబ్బు ఉంటే: జన్యు పరీక్షా, మిథైలేషన్ పరీక్షా?

అమ్మకు రొమ్ము క్యాన్సర్, నాన్నకు షుగర్. మనకూ వస్తుందా? హైదరాబాద్‌లో ఏ ల్యాబ్ కౌంటర్ దగ్గరైనా వినపడే ప్రశ్నే.

రెండు పరీక్షలకీ ఊదా మూత ట్యూబులో కాస్త రక్తం చాలు. జన్యు పరీక్ష డీఎన్‌ఏ అక్షరాలను చదువుతుంది. మిథైలేషన్ పరీక్ష ఆ అక్షరాల మీద అంటిన రసాయన గుర్తులను చూస్తుంది.

నిలకడ: అక్షరాలు పుట్టుకతో వచ్చినవి. గుర్తులు వయసుతో, సిగరెట్టుతో మారతాయి. పైగా రక్తంలో ఉన్నట్టే, ఇన్సులిన్ తయారుచేసే క్లోమంలో ఉండవు.

వారసత్వం: బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపం ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. తల్లిలోనో తండ్రిలోనో ఉన్న ఆ లోపం ఒక్కో బిడ్డకు వెళ్లే అవకాశం 50 శాతం. గుర్తులు మాత్రం ఫలదీకరణ తర్వాత చాలావరకు చెరిగిపోతాయి. 1944-45లో నెదర్లాండ్స్‌లో వచ్చిన కరువు కాలంలో, గర్భం తొలినాళ్లలో తల్లి కడుపులో ఉన్నవారిలో 60 ఏళ్ల తర్వాతా ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు దగ్గర మిథైలేషన్ తక్కువగా కనిపించింది. అది కడుపులో పడిన ముద్ర, తాతల నుంచి దిగిందనడానికి రుజువు కాదు.

ఖర్చు: జన్యు పరీక్ష ముందు జబ్బు ఉన్న మనిషికే చేయించండి. అక్కడ దొరికిన ఒక్క మార్పునే మిగతావారిలో వెతికితే డబ్బు బాగా మిగులుతుంది. ఆరోగ్యంగా ఉన్న కూతురితో మొదలుపెడితే, ఇంట్లో ఉన్న మార్పు ఏదో తెలియదు కాబట్టి ‘ఏమీ లేదు’ అన్న రిపోర్టును నమ్ముకోలేం.

చిన్న వయసులోనే రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చిన ఇంటికి జన్యు పరీక్షే సరి. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. పసిబిడ్డ మెత్తగా వాలిపోతూ పాలు పీల్చలేకపోతే, ప్రేడర్-విల్లీ అనే జన్యు సంబంధ జబ్బు అనుమానానికి 15వ క్రోమోజోమ్ మిథైలేషన్ పరీక్షే ముందు. మామూలు షుగర్ ఉన్న ఇంటికి రెండూ అక్కర్లేదు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష), నడుం కొలత చూసుకోండి.