సింగపూర్ మెట్రోలో మన ఏటీఎం కార్డు: ఆ 60 సెంట్ల లెక్క

సింగపూర్‌లో మెట్రోకీ బస్సుకీ టికెట్ కొనక్కర్లేదు, మన ఇండియా బ్యాంకు కార్డే గేటుకి తాకించి లోపలికి వెళ్ళిపోవచ్చు అని అందరూ చెప్తారు. నిజమే, హాయిగా పనిచేస్తుంది. కానీ ఎంత పడుతుందో ఎవరూ లెక్క కట్టి చెప్పరు. నేను రైసుమిల్లులో ఎకౌంట్సు రాస్తాను. డబ్బు ఎటు పోయిందో తేలేదాకా నాకు తోచదు. అందుకని తిరిగొచ్చాక నలుగురి ఖర్చూ స్టేట్‌మెంట్లు ముందేసుకుని చూశాను.

ఈ సర్వీసు పేరు సింప్లీగో. 2019లో ముందు మాస్టర్‌కార్డుకి, తర్వాత వీసాకి పెట్టారు. ఈ రెండిట్లో ఏదో ఒకటై, కార్డు మీద వైఫై గుర్తుని పక్కకి తిప్పినట్టుండే గీతలు ఉంటే చాలు. డెబిట్, క్రెడిట్, ఫారెక్స్ కార్డు ఏదైనా సరే. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోండి. 2020 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన వల్ల కొత్త కార్డులు మన దేశంలో ఏటీఎంలకీ, దుకాణాల్లో గీకడానికీ మాత్రమే తెరిచి ఇస్తున్నారు. మిగతావన్నీ మనమే తెరుచుకోవాలి. ఆ పని ఛాంగీ ఎయిర్‌పోర్టులో నిలబడి, ఓటీపీ కోసం ఎదురుచూస్తూ చేసేది కాదు.

ఒక కార్డుతో ఒక్కరే వెళ్ళగలరు. నేను తాకించి వెనక అత్తయ్యగారికి కూడా తాకించడం కుదరదు. అందుకే మా ఆయనకి ఆయన డెబిట్ కార్డు, నాకు ఫారెక్స్ కార్డు, అత్తయ్యగారికి ఆవిడ పెన్షన్ ఖాతా కార్డు. మా వాడికి తొమ్మిదేళ్ళు. 90 సెంటీమీటర్లలోపు ఎత్తున్న పిల్లలు పెద్దవాళ్ళతో ఉచితంగా వెళ్ళొచ్చు కానీ వీడు ఆ ఎత్తు ఎప్పుడో దాటాడు. వాడికి బ్యాంకు కార్డు ఎక్కడిది? స్టేషన్‌లో ఈజీ-లింక్ కార్డు కొన్నాం, ముందే డబ్బు వేసుకుని వాడుకునే అక్కడి ప్రయాణాల కార్డు. అసలు తమాషా అక్కడే మొదలైంది.

వాడు కార్డు పెట్టగానే గేటు తెర మీద ఇంత పోయింది, ఇంత మిగిలింది అని కనిపిస్తుంది. బ్యాంకు కార్డు పెడితే గేటు తెరుచుకుంటుంది, అంతే. అత్తయ్యగారు తానా మేరా స్టేషన్‌లో రైలు మారుతున్నప్పుడే అడిగారు, "ఎంత పట్టుకున్నాడో చెప్పడేంటే అమ్మాయ్?" అని. ఆవిడది చాదస్తం అని మా ఆయన నవ్వేశారు గానీ, 2024 జనవరిలో సింగపూర్ జనం ప్రభుత్వాన్ని అడిగిందీ అదే. ఈజీ-లింక్ లాంటి పాత రకం కార్డులు తీసేసి సింప్లీగోకి మారుస్తామంటే, గేటు దగ్గర ఛార్జీ, బ్యాలెన్సు కనపడకపోతే ఎలా అని గొడవ చేశారు. ప్రభుత్వం రెండు వారాలు తిరక్కుండానే వెనక్కి తగ్గి, పాత పద్ధతి ఇంకొన్నేళ్ళు నడపడానికి 4 కోట్ల సింగపూర్ డాలర్లు పెడతామంది. ఈజీ-లింక్ కొనేటప్పుడు తెర మీద బ్యాలెన్సు చూపించే రకమే అడిగి తీసుకోండి, చూపించని రకం కూడా ఉంటుంది. బ్యాంకు కార్డువాళ్ళు ఛార్జీ చూడాలంటే సింప్లీగో యాప్‌లో కార్డు నమోదు చేసుకోవాలి. సాయంత్రం హోటల్‌లో కూర్చుని అత్తయ్యగారికి చదివి వినిపించడం నా పనైంది.

ఇక లెక్క. విదేశీ బ్యాంకు కార్డు వాడిన ప్రతి రోజుకీ ఛార్జీ కాక 60 సెంట్లు అడ్మిన్ ఫీజు పడుతుంది. కార్డుకి 60, అంటే మా ముగ్గురికీ రోజుకి డాలరు 80 సెంట్లు. మనిషి రోజంతా తిరిగితే ఛార్జీ ఐదు డాలర్లు అనుకుందాం. దాని మీద 60 సెంట్లంటే 12 శాతం! మనవాళ్ళంతా ఫారెక్స్ మార్కప్ గురించే, అంటే విదేశీ ఖర్చుని రూపాయల్లోకి మార్చినందుకు మన బ్యాంకు వేసుకునే రుసుము గురించే టెన్షన్ పడతారు. మామూలు కార్డుకి మార్కప్ మూడున్నర శాతం, దాని మీద జీఎస్టీ 18 శాతం కలిపితే 4.13 అవుతుంది. ఐదు డాలర్ల మీద ఇరవై సెంట్లు. ఆ ఇరవై తప్పించుకోవడానికి జీరో మార్కప్ కార్డు వెతికి తెచ్చుకున్నా ఈ 60 మాత్రం తప్పదు.

ఈజీ-లింక్ పది డాలర్లు. అందులో ఐదు డాలర్లు ప్రయాణాలకి వాడుకోవచ్చు, మిగతా ఐదు కార్డు ఖరీదు, తిరిగి రాదు. ఆ ఐదు డాలర్లని 60 సెంట్లతో భాగిస్తే ఎనిమిది దాటుతుంది, అంటే అన్ని రోజులు తిరిగితే గానీ ఈజీ-లింక్ ఖరీదు గిట్టదు. మామూలు డెబిట్ కార్డైతే మార్కప్ కలిపి 80తో భాగించాలి, ఆరు దాటుతుంది. కాబట్టి నాలుగైదు రోజుల టూరుకి బ్యాంకు కార్డే మేలు. అమ్మాయి పురుడికని నెల రోజులు ఉండిపోయే అమ్మమ్మలు మాత్రం మొదటి రోజే ఈజీ-లింక్ కొనుక్కోవాలి.

బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తాకించాలి. మన బస్సుల అలవాటుతో దిగిపోతే ఆ బస్సు చివరి స్టాపు దాకా ఛార్జీ వేస్తారు. ఎక్కినప్పుడూ దిగినప్పుడూ ఒకటే కార్డు ఉండాలి. పర్సులో కార్డులన్నీ కలిపి పెట్టి పర్సునే తాకించకండి, కావలసిన కార్డు బయటికి తీయండి. బస్సు దిగి రైలెక్కితే 45 నిమిషాల్లోపు మారినంతవరకూ మొత్తం ఒకే ప్రయాణంగా, దూరాన్ని బట్టి లెక్కేస్తారు. ఈ ఒక్క విషయంలో వాళ్ళకి దండం పెట్టాలి.

గేటు దగ్గర ఇంకో సుఖం, రూపాయల్లో తీసుకోమంటారా, డాలర్లలోనా అని ఎవరూ అడగరు. లిటిల్ ఇండియాలో ఒక దుకాణంలో అడిగారు. మిషన్ మీద రూపాయల అంకె చూసి అత్తయ్యగారు సంబరపడ్డారు కానీ నేను డాలర్లే నొక్కమన్నాను. రూపాయలంటే రేటు వాళ్ళిష్టం. టెక్కా సెంటర్ తిండి అంగళ్ళలోనూ, గుడి హుండీలోనూ కార్డు మాట ఎత్తే పని లేదు, చిల్లర ఉంచుకోండి.

ఛార్జీలు ఏ రోజువి ఆ రోజు ఖాతాలోంచి పోవు. కొన్ని కలిపి తర్వాత తీసుకుంటారు, మెసేజీలో బస్/ఎంఆర్‌టీ (అక్కడి మెట్రో పేరు) అని వస్తుంది. మేము కాకినాడ చేరాక కూడా అత్తయ్యగారి ఖాతాలో ఒకటి పడింది. ఇల్లు చేరగానే కార్డులో ఇంటర్నేషనల్ ఆపేయకుండా, ఆ చివరిది పడేదాకా ఖాతాలో కాస్త డబ్బు ఉంచండి.