స్పాంజి బంతా, చపాతీ పిండా: పట్టు తప్పిన చేతికి ఏది మేలు?

అమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఒక పసుపుపచ్చ స్పాంజి బంతి ఇచ్చి, "రోజూ నొక్కించండి" అన్నారు. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు. రెండు నెలలు నొక్కించాం. బంతి బాగానే నొక్కేది. మంచినీళ్ల గ్లాసు ఇస్తే మాత్రం జారిపోయేది. ఎలాగో పట్టుకున్నా, మళ్లీ వదలడానికి వేళ్లు విచ్చుకునేవి కావు.

తర్వాత ఇంటికొచ్చిన ఫిజియోథెరపిస్టు మొదటి రోజే అడిగారు: "గుప్పిట మూయడం సరే, తెరవడం ఎప్పుడు చేయిస్తున్నారు?"

పక్షవాతం తర్వాత చాలామందికి వేళ్లు ముడిచే కండరాలు బిగుసుకుపోతాయి. అలాంటి చేతితో గట్టి బంతిని అదేపనిగా పిండిస్తే బిగువు ఇంకా పెరగవచ్చు. అలాగని బంతి దండగ అనను. వేళ్లలో అప్పుడప్పుడే కదలిక వస్తున్నవాళ్లకి, మణికట్టు విరిగి కట్టు విప్పినవాళ్లకి మెత్తటి బంతి మంచిదే. కానీ బంతి చేయించేది ఒక్క పనే.

జాన్ నేపియర్ అనే బ్రిటిష్ వైద్యుడు 1956లో చేతి పట్టును రెండు రకాలుగా చెప్పాడు: గుప్పిటతో పట్టే బలమైన పట్టు, వేలికొసలతో పట్టే నేర్పు పట్టు. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే రోకలి పట్టుకోవడం మొదటిది, ముగ్గుపిండి చిటికెడు తీయడం రెండోది. బంతితో ఎంత సాధన చేసినా ఆ రెండోది రాదు.

చపాతీ పిండి అలా కాదు. పిసికితే గుప్పిట మూసుకుంటుంది. అరచేత్తో అదిమి తాడులా సాగదీస్తే వేళ్లు చాపక తప్పదు. ఆ తాడును బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి చిన్న చిన్న తునకలు తుంచవచ్చు. అమ్మ మొదటి వారం ఒక్క తునక కూడా తుంచలేకపోయింది. బొటనవేలు పక్కకి జారిపోయేది, కోపం వచ్చి ముద్ద తోసేసేది. మర్నాడు పిండిలో నీళ్లు కాస్త ఎక్కువ పోసి మెత్తగా కలిపాను. తుంచింది! బలం వచ్చేకొద్దీ నీళ్లు తగ్గిస్తూ గట్టిగా కలపొచ్చు. బంతిని అలా మార్చలేం కదా.

ఇక గ్లాసు సంగతి. నున్నటి స్టీలు గ్లాసు, అందులోనూ తడిసింది, చాలా కష్టం. స్వీడన్‌లో యోహాన్సన్, వెస్ట్‌లింగ్ అనే పరిశోధకులు 1984లో గరుకు కాగితం, స్వెడ్ (నూగులా ఉండే మెత్తటి తోలు), పట్టుగుడ్డ అంటించిన వస్తువును ఎత్తించి చూశారు. జారిపోయే పట్టుగుడ్డకే వేళ్లు అన్నిటికన్నా ఎక్కువ బలం పెట్టాల్సి వచ్చింది. మనకి చర్మం జారుడు కనిపెట్టి కబురు పంపితే, మెదడు వెంటనే బిగువు సరిచేస్తుంది. స్పర్శ తగ్గిన చేతికి ఆ కబురు అందదు, అందుకే జారవిడుస్తుంది, లేదంటే అతిగా బిగిస్తుంది. మేం నిటారుగా ఉండే చిన్న గ్లాసుకు నాలుగు రబ్బరు బ్యాండ్లు చుట్టాం, అంతే, జారడం ఆగింది. సన్నటి చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేశాం. పట్టు కుదిరాక ఖాళీ పేపరు కప్పు ఇచ్చాం. నలగకుండా ఎత్తాలంటే బలం తగ్గించడం కూడా రావాలి, అది ఇంకో పాఠం.

రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే నేను పిండే అంటాను. ప్రయాణంలోనో, మరీ నీరసంగా ఉన్న రోజునో బంతి. చెయ్యి వాచినా, నొప్పి ఉన్నా రెండూ ఆపి ఫిజియోథెరపిస్టును అడగండి.

స్పర్శ పూర్తిగా రాని చేతికి వేడి కాఫీ గ్లాసు మాత్రం ఇవ్వకండి. అమ్మ వేళ్లు కాలాయని మాకు బొబ్బలు చూశాకే తెలిసింది.