పెరట్లో ఒక్క చెట్టుకే చోటుంటే: మునగా, జామా, నిమ్మా?

150 గజాల స్థలంలో ఇల్లు కట్టాక వెనక మిగిలేది మహా అయితే 8, 10 అడుగులు. అందులోనే బట్టలు ఆరేసుకోవాలి, గిన్నెలు తోముకోవాలి, సంపు మూతకు దారి వదలాలి. అవన్నీ పోను ఒక చెట్టుకు చోటుంటుంది. ఆశకొద్దీ నర్సరీ నుంచి మూడు మొక్కలు తెచ్చి పక్కపక్కనే పెడితే మూడూ ఎండ కోసం పోటీపడి సన్నగా పొడుగు సాగుతాయి, ఏదీ సరిగ్గా కాయదు. అందుకే నాటకముందే తేల్చుకోవాలి.

మామిడి, కొబ్బరి సంగతి మొదట చెప్పేస్తాను. ఇంత జాగాలో ఆ రెండూ వద్దు. మామూలు తోటల్లో మామిడిని 10 మీటర్ల ఎడంతో, కొబ్బరిని 8 మీటర్లకు అటూ ఇటూగా నాటుతారు. మన పెరడంతా కలిపినా అంతుండదు. పైగా కొబ్బరికి ఈమధ్య తెల్లదోమ పీడ ఒకటి. 2016లో మన దేశంలో కనిపించిన సర్పిలాకార తెల్లదోమ గోదావరి జిల్లాల రైతులను ఎంత ఏడిపించిందో కోనసీమలో ఎవరినడిగినా చెబుతారు. అది కార్చే జిగురు మీద నల్లటి మసి పట్టి, చెట్టు కింద ఆరేసిన బట్టలు, పెట్టిన బండి, గోడ అన్నీ జిడ్డోడతాయి.

కరివేపాకును ఈ పోటీలోకి తేవడం లేదు. అది గోడవార రెండడుగుల చోటులో, కాస్త నీడ పడినా సర్దుకుంటుంది. ఎలాగూ ప్రతి ఇంట్లో ఉండాల్సిందే. ఇక మిగిలినవి మునగ, జామ, నిమ్మ.

ఏది ఇష్టమన్న ప్రశ్న తర్వాత. ముందు ఎండ చూసుకోవాలి. ఈ మూడింటికీ రోజుకు ఆరేడు గంటల నేరుటెండ పడాలి. చాలామంది మే నెలలో పెరడంతా మండిపోతుంటే చూసి ఎండకు లోటు లేదనుకుంటారు. మే నెలలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు నడినెత్తిన ఉంటాడు కాబట్టి నీడే పడదు. అసలు సంగతి డిసెంబరులో తెలుస్తుంది. హైదరాబాదులో ఆ నెలలో 30 అడుగుల ఇంటి నీడ మధ్యాహ్నం పన్నెండింటికే ఉత్తరం వైపు పాతికడుగుల దాకా పడుతుంది. అంటే మీకు దక్షిణాన రెండు మూడంతస్తుల ఇల్లుంటే చలికాలమంతా మీ చెట్టు నీడలోనే. అలాంటి పెరట్లో మూడింటిలో ఏదీ పెట్టకండి, కరివేపాకుతో సరిపెట్టుకోండి.

తర్వాత నేల. రెండడుగుల గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. సాయంత్రం పోసిన నీళ్లు తెల్లారేసరికి ఇంకిపోతే ఏ చెట్టయినా పెట్టొచ్చు. తెల్లారినా నిలిచే ఉంటే మునగ, నిమ్మ రెండూ కుళ్లిపోతాయి, జామ ఒక్కటే తట్టుకుంటుంది. తెలంగాణ చల్క నేలల్లో, రాయలసీమ ఎర్రనేలల్లో ఈ బాధ తక్కువ. డెల్టా నల్లరేగడిలో మాత్రం ఈ పరీక్ష చేయకుండా నాటితే మొదటి వానాకాలం దాటదు. మూడోది బోరు నీళ్లు. గిన్నెల మీద తెల్లటి పొర కట్టే ఉప్పునీళ్లయితే నిమ్మ ఆకుల అంచులు మాడి రాలిపోతాయి. జామ, మునగ ఆ నీళ్లకు అంత బెదరవు.

ఇప్పుడు మునగ గురించి. ఇంట్లో మునగచెట్టు ఉండకూడదని మన పెద్దవాళ్లు అనడం వెనక రెండు నిజమైన కారణాలున్నాయి. దాని కొమ్మ పెళుసు, ఎవరైనా ఎక్కినా, గట్టి గాలి వీచినా పుటుక్కున విరుగుతుంది. రెండోది గొంగళి పురుగులు. వానాకాలంలో పగలంతా కాండం మీద గుంపుగా, కంబళి ముక్క అంటించినట్టు అతుక్కుని ఉంటాయి, రాత్రయ్యాక పైకి పాకి ఆకు మేస్తాయి. వాటి నూగు తగిలితే పిల్లలకు ఒళ్లంతా దద్దుర్లు. ఇరవై, ముప్పై అడుగులు పెరిగే పాతకాలపు చెట్టుకు ఈ రెంటికీ మందు లేదు, అందనంత ఎత్తులో ఉంటుంది కాబట్టి.

కానీ ఇప్పుడు మనం నాటాల్సింది ఆ చెట్టు కాదు. తమిళనాడులోని పెరియకుళం ఉద్యాన కళాశాల 1989లో విడుదల చేసిన పీకేఎం-1 రకం విత్తనంతో వస్తుంది, ఆరు నెలల్లో కాపుకొస్తుంది. మొక్క మూడడుగులకు రాగానే తల తుంచేయాలి. ఇది మనసొప్పని పని, అంత ఏపుగా పెరుగుతున్నదాన్ని తుంచడానికి చేయి రాదు, కానీ తుంచాల్సిందే. తుంచిన పది పదిహేను రోజుల్లో పక్కల నుంచి కొమ్మలు పుట్టుకొస్తాయి, చెట్టు గొడుగులా విచ్చుకుంటుంది, నిలబడి చేత్తో కోసుకునే ఎత్తులో కాస్తుంది. ఒక కాపు అయ్యాక నేలకు మూడడుగుల ఎత్తులో మొత్తం నరికేస్తే మళ్లీ చిగురిస్తుంది. అలా మూడేళ్ల దాకా నడుస్తుంది, ఆ తర్వాత తీసేసి కొత్త గింజ వేసుకోవడమే. చెట్టు మీ ఎత్తులోనే ఉంటుంది కాబట్టి గొంగళి గుంపు కనబడగానే కర్రకు గుడ్డ చుట్టి సబ్బునీళ్ల బకెట్లోకి దులిపేయొచ్చు. విరిగిపడేంత పెద్ద కొమ్మలూ ఉండవు.

బాగా చూసుకున్న చెట్టు ఏడాదికి 200 కాయల దాకా ఇస్తుందంటారు. పెరట్లో అందులో సగమొచ్చినా ఇంటికి ఎక్కువే, ఇరుగుపొరుగుకు పంచాల్సిందే. నాకైతే కాయకన్నా ఆకు విలువైనది. ములక్కాడలు రైతుబజార్లో దొరుకుతాయి, లేత మునగాకు కావాలన్నప్పుడు దొరకదు, దొరికినా రెమ్మ వాడి రాలిపోయి ఉంటుంది. 100 గ్రాముల పచ్చి ఆకులో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఆషాఢంలో మునగాకు వండుకోవడం మనకు ఆచారమే. ఇంట్లో చెట్టుంటే ఒక్క ఆషాఢంతో ఆగనక్కర్లేదు. పప్పులో గుప్పెడు, కారప్పొడిలో కొంత, వేపుడుకు కొబ్బరితో కలిపి, వారానికి రెండు మూడుసార్లు పొయ్యి మీదికి వచ్చే ఆకు ఇది.

జామ ఆశ పెడుతుంది. అంటు మొక్క రెండో ఏడే కాయలు చూపిస్తుంది. సీ విటమిన్ 100 గ్రాములకు 200 మిల్లీగ్రాముల పైనే, నారింజకు నాలుగింతలు. తెల్లకండకు అలహాబాద్ సఫేదా, లక్నో-49 మంచి రకాలు. ఇప్పుడు నర్సరీలన్నీ అమ్ముతున్న తైవాన్ పింక్ త్వరగా, కుండీ మొక్కంత ఎత్తులోనే కాస్తుంది, కానీ రుచికి నేను సఫేదాకే ఓటేస్తాను. జామకు పూత కొత్త చిగురు మీదే వస్తుంది. కాబట్టి కాపు అయ్యాక కొమ్మల చివర్లు కత్తిరిస్తే చెట్టు పొట్టిగానూ ఉంటుంది, పూతా బాగా వస్తుంది.

జామ పెట్టినవాళ్ల బాధంతా పండు ఈగతోనే. వానాకాలం కాయను రెండుగా కోసి చూడండి, పైకి మచ్చ కూడా లేని కాయలో తెల్లటి పురుగులు గింజల చుట్టూ కదులుతుంటాయి. ఈగ కాయ తొక్కకు సూది గుచ్చినట్టు గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది, ఆ తర్వాత పైన ఏ మందు కొట్టినా లోపలికి చేరదు. మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు మగ ఈగలను పట్టి కొంత తగ్గిస్తాయి. పూర్తిగా కాపాడేది సంచి ఒక్కటే: పిందె నిమ్మకాయంత అయ్యాక ఒక్కోదానికి గుడ్డ సంచి కట్టాలి. ఉడతలు, చిలకల నుంచి కూడా అదే కాపలా. చలికాలం కాపుకు ఈ పీడ తక్కువ, తీపీ ఎక్కువ. అందుకే వానాకాలపు పిందెలను కొన్ని తుంచేసి చలికాలం కాపు మీద ఆశ పెట్టుకోవడం తెలివైన పని. ఇంట్లో పిల్లలుండి, సంచులు కట్టే ఓపికున్నవాళ్లు ఎవరైనా ఉంటే జామను మించిన సంతోషం లేదు. ఆ మనిషి లేకపోతే కాయల్లో సగం నేల మీద కుళ్లి, ఈగలు ఇంకా పెరుగుతాయి.

నిమ్మను ఎక్కువమంది వేసవి ధరలు చూసి పెట్టాలనుకుంటారు. 2022 ఏప్రిల్లో ఒక్కో కాయ పది రూపాయలకు చేరినప్పుడు ఎన్ని ఇళ్లలో నిమ్మ మొక్కలు నాటారో. చిక్కేమిటంటే నిమ్మకు పెద్ద పూత జనవరి, ఫిబ్రవరిలో వస్తుంది, కాయ అందేది వానాకాలంలో, బజార్లో చవగ్గా ఉన్నప్పుడే. వేసవికి కాయ కావాలంటే చినుకులు పడే సెప్టెంబరు, అక్టోబరులో పూత రప్పించాలి. అది గూడూరు వైపు తలపండిన రైతులకే కష్టం. ఇంట్లో వేసవికి నాలుగు కాయలుంటే గొప్ప. ఊరగాయకు మాత్రం లోటుండదు.

మొక్క కొనేటప్పుడు తిరుపతి పరిశోధన కేంద్రం రకం బాలాజీ అడగండి, గజ్జి తెగులును బాగా తట్టుకుంటుంది. నాటాక మూడు నాలుగేళ్లు ఆగాలి. లేత ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించేదాన్ని ఒకసారి పుల్లతో కదిపి చూడండి, అది సీతాకోకచిలుక గొంగళి. నాలుగైదు ఉంటే చిన్న మొక్కను రెండు రోజుల్లో మోడు చేస్తాయి. అదే గొంగళి కరివేపాకునూ తింటుంది. నిమ్మజాతిని పీడించే సిల్లా పురుగుకూ కరివేపాకంటే ప్రీతే. కాబట్టి గోడవార కరివేపాకు పెంచుతూ పక్కనే నిమ్మ పెడితే ఒకదాని పీడ రెండోదానికి చేరుతుంది. ముళ్ల సంగతి పిల్లలున్నవాళ్లు ఆలోచించుకోవాలి.

నా ఓటు మునగకే. నీళ్లు ఇంకే నేల, ఎండ ఉంటే ఎక్కువ ఇళ్లకు అదే మేలు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకైతే వేరే ఆలోచనే వద్దు, ఇల్లు మారేలోపు రెండు కాపులు తినొచ్చు. నల్లరేగడిలో జామ. మంచినీళ్లు, నాలుగేళ్ల ఓపిక ఉండి, రోజూ నిమ్మకాయ పిండందే భోజనం కానివాళ్లు నిమ్మ పెట్టుకోండి, కరివేపాకును ఇంటి ముందువైపుకు మార్చి.

ఏది నాటినా గుంత మే నెలలోనే తవ్వి ఎండకు వదలండి. కొత్త ఇళ్ల పెరట్లో పైన ఒక పొర మట్టి, కింద అంతా ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు. రెండడుగుల లోతూ వెడల్పూ తవ్వి ఆ చెత్తంతా తీసేసి, ఎర్రమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి నింపాలి. మృగశిర కార్తె వానలు పడ్డాక, రాత్రంతా నానబెట్టిన మునగ గింజలు మూడు, అంగుళం లోతులో వేయండి. వారం, పది రోజుల్లో మొలుస్తాయి. గట్టిగా ఉన్న ఒక్కదాన్ని ఉంచి మిగతావి తీసేయండి.