వేగం సరే, పడుకోవడమే రాదు: పద్నాలుగు నెలల తర్వాత నా ఎస్‌ఎస్‌డీ

కొన్న వారానికే ఈ ఎస్‌ఎస్‌డీని, అంటే ల్యాప్‌టాప్‌లో ఫైళ్ళు దాచే చిప్పుల డ్రైవ్‌ని, రాకెట్ అని నలుగురికి చెప్పాను. ఆ మాట ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, కొంచెం సర్దుకోవాలి.

నాది తిరుపతి. మామిడి సీజన్‌లో చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. రోజూ బస్సులో రాకపోకలు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన 256 జీబీ ఎస్‌ఎస్‌డీ స్కాన్ చేసిన బిల్లులతో నిండిపోయింది. షాపులో 1 టీబీ అడిగితే, "దీనికంటే ఫాస్ట్ లేదన్నా" అని ఒక జెన్ 4 ఎన్‌విఎంఈ (వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ, నాలుగో తరం) బిగించాడు. సెకనుకు 7000 ఎంబీ అని డబ్బా మీద ఉంది. నా ల్యాప్‌టాప్ స్లాట్ జెన్ 3, అంటే ఒక తరం పాతది. అందులో 3500 దాటదన్న సంగతి అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కాపీలు మాత్రం నిజంగానే చిటికెలో అయిపోతాయి. ఆన్ కావడంలో పెద్ద తేడా ఏమీ లేదు, పాత ఎస్‌ఎస్‌డీ కంటే రెండు మూడు సెకన్లు ముందు అంతే.

అసలు కథ జూన్‌లో. తోతాపురి లోడ్లు గేటు బయట బారులు తీరి ఉన్న రోజులు. రాత్రి తొమ్మిదిన్నరకు ఫుల్ చార్జ్ చేసి, వైరు తీసి, మూత వేసి బ్యాగులో పెట్టాను. పొద్దున బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే బ్యాగు గోరువెచ్చగా తగిలింది. ఎండ అనుకున్నాను. ఫ్యాక్టరీలో మూత తీస్తే 24 శాతం! అప్పుడే కరెంటు పోయింది. జనరేటర్ మిషన్లకూ కాటాకూ మాత్రమే, ఆఫీసు గదికి లేదు. గంటలోపే స్క్రీన్ ఆరిపోయింది. తూకం చీటీలు చేతిలో పట్టుకుని రైతులు కిటికీ దగ్గర నిలబడ్డారు. "కాటా తిరగతా ఉండాది, నీ పెట్టె తిరగలేదా అప్పా?" అని ఒక పెద్దాయన అడిగితే ఏం చెప్పాలి? మధ్యాహ్నం దాకా చీటీలన్నీ పుస్తకంలో చేత్తో రాశాను.

మొదట బ్యాటరీ పోయిందనుకున్నాను. తర్వాత విండోస్‌లో స్లీప్‌స్టడీ అనే రిపోర్టు తీసి చూస్తే, రాత్రంతా మేలుకుని ఉన్నవాళ్ళలో డ్రైవ్ కంట్రోలరే (దాన్ని నడిపే చిప్పు) మొదటి పేరు. ఈ కాలపు ల్యాప్‌టాప్‌లు మూత వేస్తే పూర్తిగా ఆగవు, కునుకు తీస్తాయి. ఆ కునుకులో డ్రైవ్ కూడా తన కరెంటును కొన్ని మిల్లీవాట్లకు తగ్గించుకోవాలి. అది తగ్గకపోతే ప్రాసెసర్ కూడా గాఢ నిద్రలోకి పోలేదు. ఒకడు పడుకోక ఇంటిల్లిపాదికీ జాగారం చేయించినట్టు.

డ్రైవ్ కొనేటప్పుడు మనం చూసే వేగం, పని చేసేటప్పుడు అది లాగే వాట్లు, ఇవి నాలాంటి వాళ్ళకు పెద్దగా పట్టవు. ఫైలు కాపీ అయ్యే ఆ కొన్ని సెకన్లలో ఐదారు వాట్లు లాగినా బ్యాటరీకి లెక్క కాదు. మిగతా రోజంతా ఊరికే కూర్చున్నప్పుడు ఎంత తింటుందన్నదే లెక్క. నా బ్యాటరీ 42 వాట్-అవర్లు. ల్యాప్‌టాప్ మొత్తం మీద 7 వాట్లు లాగితే 6 గంటలు వస్తుంది. డ్రైవ్ ఒక్క వాట్ అదనంగా తింటే 5 గంటల 15 నిమిషాలే. పాత 256 మందకొడిదే, కానీ పని లేకపోతే ముసుగు తన్ని పడుకునేది. పోయిన దాని విలువ ఇప్పుడు తెలుస్తోంది.

ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపల ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాక చాలావరకు దారిలో పడింది. ఇప్పుడు రాత్రికి పది శాతం లోపే తగ్గుతోంది. అయినా నమ్మకం కుదరక, మూత వేస్తే హైబర్నేట్ అయ్యేలా పెట్టుకున్నాను. అందులో మెషీన్ మొత్తం ఆగిపోతుంది కాబట్టి డ్రైవ్ పడుకున్నా పడుకోకపోయినా బాధ లేదు. తిరిగి లేవడానికి పది సెకన్లు ఎక్కువ పడుతుంది. వేగం కోసం డబ్బు పోసి, చివరికి ఆ వేగాన్నే ఇలా వదులుకున్నాను.

తప్పంతా డ్రైవ్ మీదే వేయడం న్యాయం కాదేమో. నా బ్యాటరీకి కూడా వయసైంది. ఇదే డ్రైవ్ వేరే ల్యాప్‌టాప్‌లో బుద్ధిగా ఉండొచ్చు. మీది ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంటే నా గోల పట్టించుకోకుండా కొనేయండి. ఇంకా పాత హార్డ్ డిస్క్ వాడుతున్నవాళ్ళకు ఏ ఎస్‌ఎస్‌డీ అయినా మేలే. డిస్క్ తిరుగుతున్నంతసేపూ ఏ పనీ లేకపోయినా కరెంటు తింటూనే ఉంటుంది, పైగా బస్సు కుదుపులంటే దానికి భయం.

వచ్చే సీజన్‌కు పాత 256నే మళ్ళీ బిగించుకుందామా అని ఒక్కోసారి అనిపిస్తుంది. ఆ బిల్లులన్నీ ఎక్కడ పెట్టాలో తేలితే.